దమనకుడికి శిక్ష పడిందా? జంతువుల నీతి కథలూ వాటి బొమ్మలూ

మంజీర నది మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా సంగారెడ్డి, మెదక్ నేలల్లోకి దిగి, నిజాంసాగర్ కట్ట దగ్గర కాసేపు ఆగి, మళ్ళీ కదిలి కామారెడ్డి జిల్లా బీర్కూర్ పక్కగా పారి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ నదిలో మొసళ్ళున్నాయి. ఎగువన సంగారెడ్డి దగ్గర 1978లో ప్రకటించిన మంజీర అభయారణ్యానికి పేరు తెచ్చింది ఆ మొసళ్ళే. ఇక కోతుల సంగతి కామారెడ్డి జిల్లా రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. చేను, పెరడు, ఇంటి పైకప్పు, దేన్నీ అవి వదలవు. నేరేడు చెట్లకూ ఇక్కడ కొదవ లేదు. పంచతంత్రంలోని నాలుగో భాగం లబ్ధప్రణాశానికి కావలసిన సరంజామా అంతా ఈ ఒడ్డునే ఉందన్నమాట. నేరేడు పళ్ళు తినే కోతి, దాంతో స్నేహం కట్టిన మొసలి, ఆ కోతి గుండె కావాలని పంతం పట్టిన మొసలి పెళ్ళాం, నడి నీళ్ళలో "గుండె చెట్టు మీదే మరిచిపోయి వచ్చాను" అని బొంకి ఒడ్డెక్కిన కోతి.

పిల్లల కోసం బొమ్మలతో అచ్చయ్యే జంతువుల నీతి కథల్లో బహుశా దీన్ని మించి తిరిగిన కథ లేదు. తెలుగులో ఇలాంటి కథలకు మూలాలు నాలుగైదు చోట్ల ఉన్నాయి: సంస్కృత పంచతంత్రం, హితోపదేశం, బౌద్ధ జాతక కథలు, గ్రీకు ఈసపు కథలు, ఊళ్ళలో నోటి మాటగా నడిచిన శాత్రాలు. ఇవన్నీ ఇప్పుడు ఒకే సంచీలో కలిసిపోయి "నీతి కథలు" అన్న ఒక్క పేరుతో బడి సంచీల్లోకి చేరుతున్నాయి. కలిసిపోవడం మంచిదే గానీ, ఆ కలగలుపులో ఒక సంగతి మరుగున పడింది. ఈ కథల్లో చాలావాటిని మొదట పిల్లల కోసం చెప్పలేదు. వాటిలోని నీతి, బడి పుస్తకం చివర గీత గీసి రాసే నీతి కాదు.

బోధన్ పక్కన ఒక పేడ పురుగు

బీర్కూర్‌కు ఉత్తరాన, ఎక్కువ దూరం కూడా కాదు, బోధన్ పట్టణం ఉంది. షోడశ మహాజనపదాల్లో, అంటే పదహారు ప్రాచీన రాజ్యాల్లో, దక్షిణాదిన ఉన్న ఒకే ఒక్క రాజ్యం అస్మక (పాలీలో అస్సక). దాని రాజధాని పోతన లేదా పోతలి ఈ బోధనే అని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. పాలీ భాషలోని జాతక కథల్లో 207వది అస్సక జాతకం. కథ పోతలి నగరంలోనే జరుగుతుంది, కాకపోతే ఆ జాతకం దాన్ని కాశీ రాజ్యంలోదిగా చెబుతుంది. అస్సక రాజు భార్య ఉబ్బరి చనిపోతే రాజు తిండి మానేసి శవం పక్కనే పడి ఏడుస్తుంటాడు. తపస్వి రూపంలో వచ్చిన బోధిసత్వుడు అతణ్ణి తోటలోకి తీసుకెళ్ళి, పేడ ఉండ దొర్లిస్తున్న పురుగుల జంటను చూపిస్తాడు. ఆడ పురుగు ఉబ్బరి మరుజన్మ. ఆమె చేతనే మాట్లాడిస్తాడు. పాత జన్మలో అస్సకుడితో ఈ తోటలో తిరిగిన మాట నిజమే గానీ, ఇప్పుడు తనకు ఈ పురుగు మొగుడే ఎక్కువ అని ఆమె తేల్చి చెబుతుంది. రాజు లేచి, శవాన్ని తీయించి, స్నానం చేసి, రాజ్యం చూసుకుంటాడు.

పిల్లల పుస్తకంలో వేయడానికి ఎంత మంచి బొమ్మ! కిరీటం పెట్టుకున్న రాజు వంగి పేడ పురుగు ముందు కూర్చోవడం. దీని తరవాతి కథ, అంటే 208వ జాతకం, సుంసుమార జాతకం. కోతీ మొసలీ కథ ఇదే. అక్కడ నేరేడుకు బదులు మేడి చెట్టు, ఊరి నదికి బదులు గంగ. జాతకాలను కూర్చినవాళ్ళు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టింది మంజీర ఒడ్డు వాళ్ళ కోసమేమీ కాదు. అయినా ఈ ప్రాంతంలో కథ చెప్పేవాళ్ళకు అది కలిసొచ్చిన వరస.

బౌద్ధుల చేతిలో జాతకాలకు బొమ్మ కూడా మొదటినుంచీ తోడుంది. అమరావతి స్తూపం రాళ్ళ మీద ఆరు దంతాల ఏనుగు కథ చెక్కి ఉంది. అక్షరం రాని భక్తుడు స్తూపం చుట్టూ తిరుగుతూ చదివిన బొమ్మల పుస్తకం అది.

దక్కను నేలకు చెందిన మరో ఐతిహ్యంలో జంతువులు పాత్రలు కావు, శ్రోతలు. శాతవాహన రాజు ఆస్థానంలోని గుణాఢ్యుడు పైశాచీ భాషలో బృహత్కథ రాసి తెస్తే రాజు తిప్పి పంపాడట. గుణాఢ్యుడు అడవిలో మంట పెట్టుకుని, ఒక్కో ఆకూ చదివి మంటలో వేస్తుంటే, జింకలూ పందులూ ఏనుగులూ మేత మరిచి చుట్టూ కూర్చుని విన్నాయట. మేత లేక జంతువులు చిక్కిపోవడంతో రాజుగారి వంటశాలకు ఎండిన మాంసమే వచ్చిందట. కారణం కనుక్కుంటూ వెళ్ళిన రాజుకు ఏడు భాగాల్లో ఒక్క భాగమే దక్కింది. 11వ శతాబ్దంలో కాశ్మీరు కవి సోమదేవుడు ఆ బృహత్కథ ఆధారంగా రాసిన కథాసరిత్సాగరంలో పంచతంత్రం కథలు కూడా ఉన్నాయి.

నీతి అంటే ఏమిటి

సంస్కృతంలో నీతి అన్న మాట "నడిపించడం" అన్న అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ఎవరు ఎవరిని ఎలా నడిపించాలో చెప్పేది నీతి. పంచతంత్రం ముందుమాటలోనే ఆ ఉద్దేశం కనిపిస్తుంది: మహిలారోప్యం ఏలే అమరశక్తి అనే రాజుకు ముగ్గురు మొద్దు కొడుకులు. ఆరు నెలల్లో వాళ్ళకు రాజనీతి నేర్పుతానని ఎనభై ఏళ్ళ విష్ణుశర్మ పందెం కట్టినట్టు చెప్పి కథలు మొదలవుతాయి. అంటే రాజ్యం ఏలబోయే కుర్రాళ్ళకు అది శిక్షణ. అబద్ధం ఆడకూడదని చెప్పడానికి పుట్టినది కాదు. ఎవడు అబద్ధం ఆడుతున్నాడో పసిగట్టడానికీ, అవసరమైతే తానూ ఆడటానికీ పుట్టింది.

మొదటి తంత్రం మిత్రభేదం చూస్తే చాలు. పింగళకుడనే సింహానికీ సంజీవకుడనే ఎద్దుకూ గట్టి స్నేహం. సింహం కొలువులో పదవి పోయిన కరటకుడు, దమనకుడు అనే రెండు నక్కలున్నాయి. దమనకుడు సింహం దగ్గర ఎద్దు గురించీ, ఎద్దు దగ్గర సింహం గురించీ చాడీలు చెప్పి, ఇద్దరినీ యుద్ధానికి దించుతాడు. సింహం ఎద్దును చంపేస్తుంది. చంపాక ఏడుస్తుంది. దమనకుడు ఓదార్చి, మంత్రి అవుతాడు. కథ అక్కడితో సరి. చాడీకోరుకు శిక్ష లేదు, పశ్చాత్తాపం లేదు.

ఈ ముగింపు బడి పుస్తకాలకే కాదు, పన్నెండు వందల యాభై ఏళ్ళకు పైగా కిందటి అరబ్బు లోకానికీ మింగుడు పడలేదు. ఆరో శతాబ్దంలో పర్షియా రాజు ఖుస్రో అనూషిర్వాన్ వైద్యుడు బుర్జోయ్ పంచతంత్రాన్ని పహ్లవీ భాషలోకి తీసుకెళ్ళాడు. ఎనిమిదో శతాబ్దం మధ్యలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా దాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. కరటక దమనకులు అక్కడ "కలీలా వ దిమ్నా" అయ్యారు. ఆ అరబ్బీ పుస్తకంలో సంస్కృతంలో లేని ఒక అధ్యాయం ఉంది: దిమ్నా మీద విచారణ. సాక్షులు వస్తారు, వాదోపవాదాలు జరుగుతాయి, నక్కకు మరణశిక్ష పడుతుంది. పండితులు ఈ అధ్యాయం ఇబ్న్ అల్ ముఖఫ్ఫా చేర్చిందేనని అంటారు. నీతి అన్న మాటకు రాజనీతి అన్న అర్థం నుంచి మంచి నడవడి అన్న అర్థానికి మలుపు ఎక్కడ తిరిగిందో చూపమంటే, వేలు పెట్టి చూపించగల చోటు ఇది.

బడి పుస్తకాల వాళ్ళు దీనికన్నా సులువైన దారి వెతుక్కున్నారు. దమనకుణ్ణే వదిలేశారు. అతనూ కరటకుడూ మధ్యలో చెప్పుకునే చిట్టి కథల్ని మాత్రం ఏరుకున్నారు: మేకు పీకి తోక ఇరికించుకున్న కోతి, కొంగను పట్టిన పీత, బావిలో నీడ చూసి దూకిన సింహం. అసలు గ్రంథంలో ఈ చిట్టి కథలు ఒక కుట్రదారూ అతని తోడు నక్కా తమ వాదనలకు వాడుకున్న ఉదాహరణలు. వాటిని చుట్టూ ఉన్న సంభాషణ నుంచి తుంచి, కింద ఒక నీతి వాక్యం అతికిస్తే అవి అమాయకంగా కనిపిస్తాయి. కుందేలు సింహాన్ని చంపిన తీరు "బలం కన్నా బుద్ధి గొప్పది" అవుతుంది. దమనకుడు ఆ కథ చెప్పింది, బలవంతుడైన ఎద్దును తాను ఎలా పడగొట్టగలడో కరటకుడికి నమ్మకం కలిగించడానికి.

ఫ్రెంచి రచయిత రూసో 1762లో రాసిన "ఎమిల్" లో ఈ గుట్టు పట్టుకున్నాడు. కాకి నోట్లోని జున్ను ముక్కను నక్క పొగడ్తతో కాజేసే కథను పిల్లలకు చెబితే, పిల్లవాడు మోసపోయిన కాకి కావాలనుకోడు, నక్క కావాలనుకుంటాడని అతని అభ్యంతరం. ఇక్కడ జున్ను ముక్క మాంసం ముక్కో, వడో అయి ఉంటుంది గానీ పిల్లలు మాత్రం అదే వైపు నిలబడతారు.

తెలుగులోకి వచ్చిన దారి

పంచతంత్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పాత కవుల్లో 15వ శతాబ్దపు దూబగుంట నారాయణకవి, 16వ శతాబ్దపు బైచరాజు వేంకటనాథుడు ముఖ్యులు. ఆ పద్యాలు పెద్దల కోసం. బడి పిల్లల చేతికి ఈ కథలు చేరింది మద్రాసు నుంచి, వచనంగా. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో అచ్చయింది. మిత్రలాభం, మిత్రభేదం అన్న రెండు భాగాలు ఆయన రాశారు. మిగిలిన సంధి, విగ్రహాలను తరవాత కందుకూరి వీరేశలింగం పూర్తి చేశారు. నీతిచంద్రిక చాలా తరాలకు పాఠ్యపుస్తకం. అందులో చిత్రగ్రీవుడనే పావురాల రాజు, హిరణ్యకుడనే ఎలుక మాట్లాడే గ్రాంథికం ఎంత గట్టిదంటే, పిల్లలు ముందు భాషతో కుస్తీ పట్టి, ఆ తరవాత వలలో చిక్కిన పావురాల బాధ అర్థం చేసుకునేవాళ్ళు. బొమ్మలతో ఆ పుస్తకానికి పని లేదు, వర్ణనే బొమ్మ.

ఇదంతా మద్రాసు రాజధాని కథ. బీర్కూర్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. బడుల్లో ఉర్దూ మాధ్యమం. తెలుగు చదువు బతికింది వీథి బడుల్లోనూ, 1901లో హైదరాబాదులో వెలిసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంతో మొదలైన గ్రంథాలయోద్యమంలోనూ. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువలు ఈ నేలను వరి మాగాణి చేశాయి. పిల్లల తెలుగు పుస్తకం రావడానికి మాత్రం ఇంకా కొన్నేళ్ళు పట్టింది. అప్పటిదాకా ఇంటి అరుగు మీద ముసలమ్మల నోట వచ్చే కతలే పిల్లలకు దిక్కు. అవి చిన్న దిక్కు కాదు, ఆ సంగతికి కింద వద్దాం.

రంగులు ఎవరి కోసం

జంతు కథలకు బొమ్మలు వేయడం పిల్లల కోసం కనిపెట్టిన ఏర్పాటు అని అనుకుంటాం. కలీలా వ దిమ్నా పీఠికలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా వేరే లెక్క చెప్పాడు. జంతువులు మాట్లాడటం కుర్రవాళ్ళను పుస్తకం వైపు లాగడానికి. రంగురంగుల జంతువుల బొమ్మలు రాజుల మనసు రంజింపజేయడానికి. అందువల్ల ప్రతులు ఎక్కువ రాయించుకుంటారు, లేఖకుడికీ చిత్రకారుడికీ ఎప్పటికీ పని దొరుకుతుంది. అసలు లోపలి సారం మాత్రం జ్ఞానులకు. ఇంత ముక్కుసూటి ప్రకటన ఈనాటి ప్రచురణకర్తలు కూడా చేయరు. ఆ మాట నిలబడింది. 13వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో సిరియా ప్రాంతంలో తయారైన బొమ్మల ప్రతి ఒకటి ఇప్పటికీ పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. పర్షియన్లో ఇదే గ్రంథం అన్వార్ ఏ సుహైలీగా మారి, అక్బరు చిత్రశాలలో 1570లో బొమ్మలు వేయించుకుంది. ఆ ప్రతి లండన్‌లో భద్రంగా ఉంది. అక్బరు అంతటితో ఆగక, భాష మరీ బరువుగా ఉందని అబుల్ ఫజల్ చేత 1588లో తేలిక మాటల్లో మళ్ళీ రాయించాడు. పండితుడి భాషను విప్పి సాఫు చేయించుకునే అవసరం చిన్నయసూరి పాఠకులకే కాదు, మొఘల్ చక్రవర్తికీ వచ్చిందన్నమాట.

ఐరోపాలో ఈసపు కథలు చెక్క దిమ్మల బొమ్మలతో 1484లో ఇంగ్లండులో అచ్చయ్యాయి. పిల్లలకు మొదటి పుస్తకంగా బొమ్మలున్న ఈసపు ఇవ్వమని జాన్ లాక్ 1693లో సలహా చెప్పాడు. ఆ సలహా ఇంగ్లీషు వాచకాల ద్వారా మన బళ్ళకూ చేరింది. తెలుగు సామెతల్లోకి "అందని ద్రాక్ష పుల్లన" చేరింది కూడా ఆ దారినే.

చందమామ వెలుగు

తెలుగులో పిల్లల కోసం బొమ్మల పత్రిక అంటే 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే రేడియో అన్నయ్య, అక్కయ్య, పెట్టిన "బాల" గుర్తుకొస్తుంది. బాపు తొలి బొమ్మ అచ్చయింది అందులోనే. రెండేళ్ళకు, 1947 జూలైలో, బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి తెలుగులోనూ తమిళంలోనూ చందమామ మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదక బాధ్యత చూశారు. వచ్చిన కథనల్లా ఆయన తిరగరాసి, మెలికలు తీసి, పల్లెటూరి పిల్లవాడు ఒక్క ఊపులో చదివేలా చేసేవారు. బొమ్మల వైపు ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్, ముఖచిత్రాలకు వడ్డాది పాపయ్య. జాతక కథలూ పంచతంత్ర కథలూ ఈ బొమ్మలతోనే మూడు తరాల తెలుగువాళ్ళ కళ్ళల్లో పాతుకుపోయాయి.

పేజీకో బొమ్మ ఉండటం చందమామ కిటుకు. చదవడం పూర్తిగా రాని పిల్లలు బొమ్మ నుంచి బొమ్మకు దూకుతూ కథ ఊహించుకునేవాళ్ళు, చదవడం వచ్చినవాళ్ళు ఆ ఊహ సరి చూసుకునేవాళ్ళు. ఆ పత్రిక 2010ల మొదట్లో ఆగిపోయింది. శంకర్ 2020లో, తొంభై ఆరేళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇదే కాలంలో తెలుగువాడొకరు పంచతంత్రాన్ని వేరే వరసలో గీశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు సుబ్బరాయశాస్త్రి, బుజ్జాయిగా అందరికీ తెలిసిన చిత్రకారుడు, 1960లలో ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో పంచతంత్రాన్ని కామిక్‌గా వారం వారం ఇచ్చారు. ఆంధ్రప్రభలో వచ్చిన ఆయన కామిక్ డుంబు సంగతి తెలుగు పాఠకులకు తెలిసిందే. అనంత్ పాయ్ కామిక్‌ల వరస అమరచిత్రకథ మొదలైంది 1967లో. దానికన్నా ముందే ఒక తెలుగు కుంచె దమనకుణ్ణి గళ్ళల్లోకి దింపి, మాటల బుడగలు పెట్టి, దేశమంతా తిప్పింది. చిట్టి కథల్ని విడగొట్టకుండా, చుట్టూ ఉన్న పెద్ద కథను వారాల తరబడి నడిపించడానికి ధారావాహిక కామిక్ లాంటి రూపం మరొకటి లేదు.

నీలి నక్కను నలుపులో ఎలా వేస్తారు

బొమ్మ వేసేవాడి కష్టాలు కథకుడికి ఉండవు. నీలి నక్క కథే చూడండి. ఊరకుక్కలు తరిమితే చాకలి నీలిమందు తొట్టిలో పడిన నక్క, రంగు చూసి భయపడిన అడవికి రాజై, చివరికి తోటి నక్కల కూత విని ఆపుకోలేక తానూ కూసి దొరికిపోతుంది. చవక కాగితం మీద ఒక్క నల్ల సిరాతో అచ్చయ్యే పుస్తకంలో నీలి నక్కా మామూలు నక్కా ఒకేలా ఉంటాయి. మోసం కనపడకపోతే కథే లేదు. చిత్రకారులు అడ్డగీతలతో తంటాలు పడేవారు. రంగు ముద్రణ చవకయ్యాకే ఆ నక్కకు న్యాయం జరిగింది.

బావిలో సింహం బొమ్మకు చూసే చోటు ముఖ్యం. పైనుంచి వేస్తే పాఠకుడు కుందేలు పక్కన నిలబడి నీడను చూస్తాడు. బావి అడుగునుంచి వేస్తే గుండ్రటి ఆకాశంలోంచి కోరలు తెరిచిన మొహం మీదికి వస్తుంది, పిల్లలు పుస్తకం మూసేస్తారు. రెండు హంసల మధ్య కర్ర పట్టుకుని ఎగిరిన తాబేలును పడిపోతుండగా వేసిన బొమ్మ కన్నా, నోరు తెరవబోతుండగా వేసిన బొమ్మ మేలు. పడిన తాబేలు మీద జాలి తప్ప ఏమీ రాదు. నోరు తెరవబోయే తాబేలును చూసి ఏ పిల్లవాడైనా "వద్దు వద్దు" అని అరుస్తాడు.

జంతువుల్ని ఎక్కడ చూసి వేయాలన్నది ఇంకో చిక్కు. సింహం తెలంగాణ అడవుల్లో లేదు. అది రాజముద్రల నుంచో, 1963లో హైదరాబాదులో తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల నుంచో రావాలి. మిగతా పాత్రలు మాత్రం బీర్కూర్‌కు చుట్టాలే. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వైపు పోచారం చెరువు చుట్టూ 1952 నుంచి ఉన్న అభయారణ్యంలో నక్కలు, తోడేళ్ళు, ఎలుగుబంట్లు, చిరుతలు, జింకలు, కుందేళ్ళు ఉన్నాయి. పంచతంత్రం కొలువులో ముప్పాతిక మంది అక్కడే హాజరు. గోదావరికి అవతల నిర్మల్‌లో పొణికి కర్రతో చేసే జంతువుల బొమ్మలు వాటి రూపాన్ని ఎప్పటి నుంచో ఇళ్ళల్లోకి తెస్తున్నాయి.

నీతి లేని చేప

అరుగు మీది కతల దగ్గరికి వద్దాం. తెలుగు పిల్లలు విన్న మొదటి జంతు కథ ఏదని అడిగితే పదిమందిలో ఎక్కువమంది ఏడు చేపల కథ అంటారు. ఏడుగురు రాకుమారులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెస్తారు, ఒక్కటి ఎండదు. ఎందుకు ఎండలేదని చేపను అడిగితే గడ్డిమోపు మీద, గడ్డిమోపు ఆవు మీద, ఆవు కాపరి మీద నెట్టుకుంటూ పోయి చివరికి నేరం చీమ దగ్గర తేలుతుంది. చీమ మాత్రం ఎవరి మీదా నెట్టదు. తన పుట్టలో వేలు పెడితే ఊరుకుంటానా అని ఎదురు ప్రశ్న వేస్తుంది. ఇందులో నీతి ఏమిటి? అడిగే పిల్లలు లేరు. ఒకరి మీద ఒకరు నెపం వేసుకునే వరస, ఆ వరసలోని తూగు, చివర చీమ పొగరు, అదే కథ. నీతి వాక్యం లేని ఈ కథే నీతి కథలన్నింటికన్నా బాగా గుర్తుండిపోవడం వాచకాలు కూర్చేవాళ్ళు కాస్త ఆగి ఆలోచించాల్సిన విషయం.

మరో వైపు, పెద్దల నోట్లో ఈ కథలు ఒక్క మాటకు కుదించుకుపోయాయి. కొంగజపం, నక్కవినయం, మొసలికన్నీరు, మేకవన్నె పులి: ఇలాంటివి విని వెనక ఉన్న కథ ఎవరూ అడగరు. "ఎనుకట శాత్రం చెప్పినట్టు" అని మొదలుపెట్టి, బాకీ ఎగ్గొట్టేవాణ్ణో, ఓట్లప్పుడు మాత్రమే దండం పెట్టేవాణ్ణో ఒక్క జంతువు పేరుతో తేల్చేస్తారు. విష్ణుశర్మ చెప్పిన నీతికి ఇది దగ్గర. మంచివాడిగా ఉండమని కాదు, ఎదుటివాణ్ణి కనిపెట్టమని.

పిల్లల నడవడి మీద జంతు కథల ప్రభావాన్ని కొలిచే ప్రయత్నం కూడా జరిగింది. కెనడాలోని టొరాంటోలో పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగంలో, నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకు తనకున్నది పంచుకోవడం గురించిన ఒకే కథను రెండు విధాల చదివారు: మనుషుల బొమ్మలతో, బట్టలు తొడిగిన జంతువుల బొమ్మలతో. తరవాత పిల్లలు తమ స్టిక్కర్లు ఎన్ని పంచారో లెక్క పెట్టారు. మనుషుల కథ విన్నవాళ్ళే ఎక్కువ పంచారు. ఒక్క ప్రయోగంతో రెండు వేల ఏళ్ళ సంప్రదాయాన్ని కొట్టేయలేం. కానీ జంతువు వేషం నీతిని తియ్యగా మింగిస్తుందన్న నమ్మకం మాత్రం కొంచెం కదిలింది.

ఇప్పటి అరలు

చందమామ తరవాత ఖాళీ అయిన అరను ఒక్కరే నింపలేదు. అంతకు ముందే మాస్కోలో తెలుగులోకి మారి, విశాలాంధ్ర దుకాణాల్లో అతి తక్కువ ధరకు దొరికిన సోవియట్ పిల్లల పుస్తకాలు పెద్ద సైజు బొమ్మంటే ఏమిటో చూపించాయి. ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్ళు అక్కడే ఉండి అనువాదాలు చేశారు. నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం, చెన్నైలోని తూలిక ద్విభాషా పుస్తకాలు, సికింద్రాబాదులోని మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్ 2015లో ఆన్‌లైన్‌లో ఉచితంగా తెరిచిన స్టోరీవీవర్ ఇప్పుడు ఆ పని చేస్తున్నాయి. అమెరికాలోని తెలుగువాళ్ళ సంఘం తానా, మంచి పుస్తకంతో కలిసి పిల్లల పుస్తకాలకు పోటీలు పెట్టింది. కేంద్ర సాహిత్య అకాడమీ 2010లో బాల సాహిత్య పురస్కారం మొదలుపెట్టినప్పుడు తెలుగులో మొదటిది కలువకొలను సదానంద "అడవితల్లి" కి వచ్చింది. కొత్త బొమ్మల పుస్తకాల్లో చాలావాటిలో కింద నీతి వాక్యం ఉండదు; నక్క నక్కగానే ఉంటుంది, ఏనుగుకు ఏనుగు కష్టాలే ఉంటాయి.

హైదరాబాదులోని పిల్లల పత్రిక బాలచెలిమి వాళ్ళు మరో అడుగు వేశారు. తెలంగాణ పాత పది జిల్లాల బడి పిల్లల చేత కథలు రాయించి జిల్లాకో సంపుటంగా తెచ్చారు. కామారెడ్డి 2016 దాకా నిజామాబాద్ జిల్లాలోదే కాబట్టి మంజీర ఒడ్డు ఆ నిజామాబాద్ సంపుటం లెక్కలోకి వస్తుంది. కథ వినే పిల్లలు కథ రాసే పిల్లలైతే దమనకుడికి ఏ శిక్ష వేస్తారో ఇలాంటి పుస్తకాల్లోనే చూడాలి.

నక్క గురించి చివరిగా ఒక్క చిక్కుముడి. సంస్కృతంలోని సృగాలం మనం నక్క అనేదే: గోధుమ వన్నె ఒళ్ళు, నలుపు తిరిగిన తోక, రాత్రిళ్ళు గుంపుగా ఊళపెట్టే జంతువు. ఈసపు కథల్లోది వేరే జాతి. దానికి దగ్గరి మన జంతువు గుంటనక్క. తెలుగు అనువాదకులు రెంటినీ నక్క అనేశారు. బొమ్మలు వేసేవాళ్ళు ఇంగ్లీషు పుస్తకాలు ముందు పెట్టుకుని, ఎర్రటి ఒళ్ళూ తెల్లటి తోక కొసా ఉన్న సీమ జంతువును పంచతంత్రంలో కూడా కూర్చోబెట్టారు. మూడు రాష్ట్రాలు కలిసే ఈ మూలలో, మద్నూర్, జుక్కల్, బీర్కూర్ వైపు, ఆ ఎర్ర బొమ్మను పిల్లల ముందు పెట్టి ఇదేమిటని అడిగితే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు నక్క అంటారు, మరాఠీవాళ్ళు కోల్హా, కన్నడంవాళ్ళు నరి. ఉర్దూ పిల్లల దగ్గర మాత్రం రెండు పేర్లున్నాయి, గీదడ్, లోమ్‌డీ. తోక కొస చూసి వాళ్ళు లోమ్‌డీ అంటారు. ఆ బొమ్మ మటుకు వాళ్ళదే సరి.